కంట్లో కాలువలు: షుగర్ దెబ్బ తిన్న రెటీనాలో రక్తం ఎంత పారుతోందో కంప్యూటర్ ఎలా లెక్క వేస్తుంది?

మా చిన్నాయనకి షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. చెన్నైలో ఒకసారి చూపించుకోమని నెల్లూరు కంటి డాక్టర్ అంటే, మొన్న పొద్దున్నే రైలెక్కి సెంట్రల్లో దిగాడు. చుక్కలు, లైట్లు, మెషిన్లు అన్నీ అయ్యాక చేతికొచ్చిన రిపోర్టులో బూడిదరంగు సాలెగూడులాంటి బొమ్మ ఒకటుంది. అందులో అక్కడక్కడా నల్లటి ఖాళీలు. "ఈడ రక్తం ఆగిపోయిందా?" అని అడిగాడు. డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఇందులో దారులు కనిపిస్తాయండీ. ఆ దారిలో రక్తం ఎంత పోతోందో ఇది చెప్పదు" అంది.

అదే వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. కంటి స్కాన్ ఇస్తే కంప్యూటర్ రక్తప్రవాహం లెక్కగట్టి, చూపు పోతుందో లేదో ముందే చెప్పేస్తుందట. బొమ్మ చెప్పలేనిది అదే బొమ్మ నుంచి కంప్యూటర్ ఎలా చెప్తుంది? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు ఒక్క వాక్యంలో రాదు.

నిమిషానికి ఒక్క చుక్క

కంటి వెనక గోడకు లోపలివైపు అతుక్కుని ఉండే పల్చటి పొర రెటీనా. వెలుగును నాడీ సంకేతంగా మార్చేది అదే. దాని లోపలి పొరలకు రక్తం ఒకే ఒక్క సన్న ధమని ద్వారా వస్తుంది. ఆ ధమని చీలి చీలి చివరికి కేశనాళికలవుతుంది, అవి మళ్లీ కలిసి సిరగా బయటికి పోతాయి. కొలిచే పద్ధతిని బట్టి అంకె మారుతుంది గానీ, ఈ దారిలో రెటీనాకు అందే రక్తం మొత్తం నిమిషానికి సుమారు 40 నుంచి 50 మైక్రోలీటర్లు. అంటే మనం కంట్లో వేసుకునే మందు ఒక చుక్కంత. బయటి పొరల్లో ఉండే కాంతిగ్రాహక కణాలకు రెటీనా వెనకున్న కొరాయిడ్ అనే వేరే రక్తపు పొర ఆక్సిజన్ ఇస్తుంది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఏళ్ల తరబడి రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే దెబ్బ ముందుగా కేశనాళికలకే తగులుతుంది. వాటి గోడను బయటినుంచి పట్టుకుని ఉండే పెరిసైట్లు అనే కణాలు చనిపోతాయి. గోడ బలహీనపడిన చోట బుడిపెలు లేస్తాయి. కొన్నిచోట్ల ద్రవం కారి రెటీనా వాస్తుంది, కొన్నిచోట్ల నాళం మూసుకుపోతుంది. మూసుకుపోయిన చోట ఆక్సిజన్ అందక, రెటీనా 'కొత్త నాళాలు కావాలి' అని వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని వదులుతుంది. అలా పుట్టే కొత్త నాళాలు పెళుసుగా ఉంటాయి, చిట్లుతాయి. దీన్నే డయాబెటిక్ రెటినోపతీ అంటారు. చెన్నైలో షుగర్ ఉన్నవాళ్ల మీద జరిపిన క్యూర్స్, ఎస్ఎన్-డ్రీమ్స్ సర్వేలు రెండింటిలోనూ దాదాపు 18 శాతం మందిలో ఇది కనిపించింది. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది.

బొమ్మలో ఉన్నది, లేనిది

చిన్నాయన చేతికొచ్చింది ఓసీటీ యాంజియోగ్రఫీ బొమ్మ. ఓసీటీ అంటే వెలుతురుతో రెటీనా పొరల్ని స్కాన్ చేసే పద్ధతి, యాంజియోగ్రఫీ అంటే రక్తనాళాల బొమ్మ తీయడం. చేతికి సూది గుచ్చి రంగు ఎక్కించే పాత యాంజియోగ్రఫీ 1961 నుంచి ఉంది. ఈ కొత్తదానికి రంగు అక్కర్లేదు. ఒకే చోటును కొన్ని మిల్లీసెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తుంది. రెండు స్కాన్ల మధ్య మారనిది కదలని కణజాలం, మారింది కదిలే ఎర్రకణం. మారిన చోట్లనే తెల్లగా చూపిస్తుంది.

ఇందులో మూడు చిక్కులున్నాయి. తెల్లగా ఉందంటే ఏదో కదిలిందని మాత్రమే అర్థం, ఎంత వేగంగా కదిలిందో దాన్నిబట్టి నమ్మకంగా చెప్పలేం. నల్లగా ఉందంటే నాళం చచ్చిపోయి ఉండొచ్చు, లేదా రక్తం మరీ నెమ్మదిగా పోతూ మెషిన్ కంటపడకుండా ఉండొచ్చు. (సరిగ్గా నడిమధ్యన అర మిల్లీమీటరు మేర కనిపించే నల్లటి గుండ్రం మాత్రం అందరికీ ఉంటుంది. చూపు బాగా పదునుగా ఉండే ఆ చోట నాళాలు ఉండవు. చిన్నాయన ఎక్కువ టెన్షన్ పడింది దాని గురించే!) ఇక మూడో చిక్కు: మూడు మిల్లీమీటర్ల వెడల్పును 304 గీతలుగా స్కాన్ చేసే మెషిన్‌లో ఒక్కో చుక్క సుమారు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కేశనాళిక వెడల్పు అంతకంటే తక్కువ. అంటే బొమ్మలో కనిపించే నాళం లావు, నాళం అసలు లావు కాదు.

ఏఐ వేరు, ఈ లెక్క వేరు

ఫార్వర్డ్‌లో కలిపేసిన రెండు విషయాల్ని ముందు విడదీయాలి. కంటి ఫొటో చూసి 'రెటినోపతీ ఉంది, లేదు' అని చెప్పే ఏఐ ఒక రకం. గూగుల్ 2016లో ప్రచురించిన పరిశోధనలో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయ ఇచ్చిన ఫొటోలు కూడా ఉన్నాయి. డాక్టర్లు గ్రేడ్ వేసిన వేలకొద్దీ ఫొటోలు చూసి అది నేర్చుకుంది. రక్తం ఎలా పారుతుందో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

రక్తప్రవాహ మోడల్ మరో రకం. అది ఉదాహరణలు చూసి నేర్చుకోదు, భౌతికశాస్త్ర సూత్రాల్ని లెక్కకట్టి సాధిస్తుంది. నాళాల పటం ఇచ్చి, ఇక్కడినుంచి ఇంత ఒత్తిడితో రక్తం వస్తోందని చెప్తే, ఏ నాళంలో ఎంత పారుతుందో తేలుస్తుంది. ఈమధ్య రెండింటినీ కలిపే ప్రయత్నాలూ సాగుతున్నాయి. పేరు ఏదైనా, లోపల ఏముందో చూసుకోవాలి.

వ్యాసార్ధం కొంచెం, ప్రవాహం బోలెడు

మోడల్‌కు పునాది 1840ల నాటిది. ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు వెంట్రుకల్లాంటి గాజు గొట్టాల్లో నీళ్లు పంపి కొలిచాడు. ఒత్తిడి అంతే ఉంచితే, పారే నీళ్లు గొట్టం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారతాయని తేలింది. వ్యాసార్ధాన్ని నాలుగుసార్లు రాసి వాటిని గుణించాలన్నమాట.

నాళం 10 శాతం సన్నబడిందనుకుందాం. 0.9ని నాలుగుసార్లు గుణిస్తే 0.656. పదో వంతు సన్నబడితే మూడో వంతు రక్తం తగ్గిపోయింది. ఇప్పుడు ఇదే లెక్కను కొలతలో జరిగే పొరపాటుకు పెట్టి చూడండి. అసలు వ్యాసార్ధం 3 మైక్రాన్లున్న కేశనాళికను, మసక బొమ్మ చూసి 4 అనుకున్నాం. నాలుగో ఘాతం 81 కావాల్సింది 256 అయింది. ఒక్క మైక్రాన్ తేడాకు ప్రవాహం మూడు రెట్లకు పైగా పెరిగినట్టు లెక్క వస్తుంది. అందుకే కేశనాళికల లావును బొమ్మనుంచి నేరుగా తీసుకోకుండా, వేరే కొలతల ఆధారంగా అందరికీ ఒకే లావు అనుకుని లెక్క వేసే పరిశోధకులు చాలామంది. అదీ ఊహే. కాకపోతే ఒప్పుకుని చేసే ఊహ.

రెండు కాలువల కన్ను

మొత్తం రెటీనాలో వేల నాళాలుంటాయి గానీ, సూత్రం అర్థం కావడానికి రెండు చాలు. ఒక చిన్న ధమని వస్తోంది, దాని అడ్డంకి 2 అనుకుందాం. అక్కడినుంచి పక్కపక్కనే రెండు కేశనాళికలు చీలి సిరలో కలుస్తాయి. ఒక్కోదాని అడ్డంకి 4. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండింటి ఉమ్మడి అడ్డంకి 2. మొత్తం 4. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒత్తిడి తేడా 40. కరెంటు లెక్కలాగే భాగించండి: ప్రవాహం 10. ఒక్కో కేశనాళికలో 5. చీలిక దగ్గర మిగిలిన ఒత్తిడి 20.

షుగర్ వల్ల ఒక కేశనాళిక మూసుకుపోయింది. ఇప్పుడు మొత్తం అడ్డంకి 2, 4 కలిపి 6. ప్రవాహం 40ని 6తో భాగిస్తే సుమారు 6.7. మొత్తం మీద మూడో వంతు తగ్గింది. కానీ మిగిలిన ఆ ఒక్క నాళంలో? అంతకుముందు 5 పారిన చోట ఇప్పుడు 6.7 పారుతోంది. చీలిక దగ్గర ఒత్తిడి 20 నుంచి సుమారు 26.7కు పెరిగింది.

కన్ను గురించి తెలిసేది ఇక్కడే. పక్కింటివాళ్ల కుళాయి కట్టేస్తే మన కుళాయి ఉధృతంగా వచ్చినట్టు, మూసుకుపోయిన నాళం పక్కనున్న నాళం మీద భారం పడుతుంది. లోపలి ఒత్తిడి పెరిగితే గోడ గుండా ద్రవం కారే అవకాశం ఎక్కువ. పెరిసైట్లు పోయి అప్పటికే బలహీనంగా ఉన్న గోడ అది. ఒకచోట ఎండడం, పక్కనే వాయడం ఒకే కంట్లో ఎందుకు కనిపిస్తాయో ఈ చిన్న లెక్క ఒక కారణం చూపిస్తుంది. అదొక్కటే కారణమని మాత్రం చెప్పదు. వీఈజీఎఫ్ కూడా గోడల్ని కారేలా చేస్తుంది, దానికి ఈ లెక్కలో చోటే లేదు.

తూము దగ్గర ఎన్ని వదిలారు?

ఇదంతా చెప్తే చిన్నాయన ఒకటే అడిగాడు. ఆయనకి తెలుగుగంగ కాలువ చివర రెండెకరాలుంది. "తూము కాడ ఎన్ని నీళ్లొదిల్నారో తెలీకుండా, కాలువ పటం చూసి నా చేలోకి ఎన్నొస్తాయో ఎట్టా చెప్తార్రా?"

మోడల్ వేసేవాళ్లకు నిద్రపట్టనివ్వని ప్రశ్న అచ్చంగా ఇదే. పై లెక్కలో ఒత్తిడి 40 అని నేనే అనుకున్నాను. అలా కాకుండా, ఒక నాళం మూసుకున్నా మొత్తం ప్రవాహం 10 నుంచి తగ్గదని అనుకుని చూడండి. మిగిలిన నాళంలోకి మొత్తం 10 పోవాలి, అంటే రెట్టింపు. ఒత్తిడిని స్థిరంగా పెడితే 33 శాతం పెరుగుదల, ప్రవాహాన్ని స్థిరంగా పెడితే 100 శాతం. పటం అదే, మూసుకున్న నాళం అదే. మొదట్లో, చివర్లో ఏం పెట్టామన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. వీటిని సరిహద్దు షరతులు అంటారు. ఏదైనా మోడల్ గురించి చదివినప్పుడు నేను ముందు వెతికేది ఈ వాక్యం కోసమే.

తూము దగ్గర కొలవడం అసాధ్యమేం కాదు. డాప్లర్ ఓసీటీ అనే పద్ధతి కదిలే రక్తం మీద పడిన వెలుతురులో వచ్చే మార్పును బట్టి వేగం చెప్తుంది. అయితే వెలుతురు కంటిపాప గుండా తిన్నగా లోపలికి పోతుంది, రెటీనా నాళాలు దానికి దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి. వెలుతురు దారికి నాళం 86 డిగ్రీల కోణంలో ఉంటే, మనం 85 అనుకున్నామనుకోండి, ఆ ఒక్క డిగ్రీకే వేగం లెక్కలో 20 శాతం తప్పు వస్తుంది. కోణాన్ని సరిచేసుకునే తెలివైన ఏర్పాట్లు పరిశోధనశాలల్లో ఉన్నాయి. రోజుకు వందల మంది వచ్చే ఓపీలో ఉండేవి కావు.

ఇంకో చిక్కూ ఉంది. కాలువ షట్టర్లలాగే రెటీనా ధమనులు తమంతట తాము బిగుస్తాయి, వదులవుతాయి. మెదడు నుంచి ఆజ్ఞలు తెచ్చే నరాలు వాటికి లేవు, అక్కడికక్కడే సర్దుకోవాలి. మినుకుమినుకుమనే వెలుతురు చూపిస్తే మామూలు కంట్లో నాళాలు కాస్త విచ్చుకుంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో, రెటినోపతీ బయటపడక ముందే, ఆ విచ్చుకోవడం తగ్గుతుంది. అంటే షట్టర్ తుప్పు పట్టడం మొదలైందన్నమాట. స్థిరమైన గొట్టాలతో చేసిన మోడల్‌లో ఇది కనిపించదు.

రక్తం నీళ్లలాంటిది కాదు

ప్వాజోయ్ వాడింది నీళ్లు. రక్తంలో దాదాపు 45 శాతం కణాలు. ఎర్రకణం వెడల్పు సుమారు 8 మైక్రాన్లు, అది దూరాల్సిన కేశనాళిక 5, 6 మైక్రాన్లు. నలిగి, ముడుచుకుని దూరుతుంది. షుగర్ ఎక్కువైతే కణం బిరుసెక్కి ఆ ముడుచుకోవడం కష్టమవుతుంది.

1931లో స్వీడన్‌కు చెందిన ఫోరియస్, లిండ్‌క్విస్ట్ ఒక వింత గమనించారు. గొట్టం 0.3 మిల్లీమీటర్ల కన్నా సన్నబడే కొద్దీ రక్తం చిక్కదనం తగ్గినట్టు ప్రవర్తిస్తుంది. కణాలు నడుమ బారులు తీరి, గోడల పక్కన ప్లాస్మా, అంటే రక్తంలోని పల్చటి ద్రవం, జారుడుబల్లలా పనిచేస్తుంది. దీనివల్ల చీలికల దగ్గర ఇంకో తమాషా జరుగుతుంది. వేగంగా పారే కొమ్మలోకి కణాలు తమ వాటా కన్నా ఎక్కువ పోతాయి. నెమ్మది కొమ్మకు కణాలు తక్కువ, ప్లాస్మా ఎక్కువ దక్కుతుంది.

ఇప్పుడు ఓసీటీ యాంజియోగ్రఫీ బొమ్మను గుర్తుచేసుకోండి. అది కదిలే కణాల్నే చూపిస్తుంది. కణాలు దాదాపు లేకుండా ప్లాస్మా మాత్రమే పారే నాళం అందులో నల్లగానే కనిపిస్తుంది! నాళం బతికే ఉంది, ఆక్సిజన్ మాత్రం మోయడం లేదు. ఇలాంటి చోట మోడల్ నిజంగా సాయపడగలదు. ఈ చీలికలో కణాల పంపకం ఇలా ఉంటుంది కాబట్టి ఈ నల్లటి ఖాళీ మూసుకుపోయిన నాళమా, కణాలు దక్కని నాళమా అని పరీక్షించదగ్గ అంచనా ఇస్తుంది.

దీనికోసం ఒక్కో కణాన్నీ మెత్తటి సంచిలా విడివిడిగా లెక్కించే సిమ్యులేషన్లు కూడా ఉన్నాయి. వాటికి సూపర్‌కంప్యూటర్లు కావాలి, చూపించగలిగేదేమో రెటీనాలో ఒక చిన్న తునక. బుడిపెలను అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తున్నాయి. బుడిపె లోపల రక్తం నెమ్మదించి, గోడకు రాసుకునే బలం తగ్గుతుంది. గోడ కణాలు ఆరోగ్యంగా ఉండాలంటే ఆ రాపిడి కావాలి. అది తగ్గిన మూలల్లో రక్తం గడ్డకట్టే వీలు పెరుగుతుంది. బుడిపె మెడ సన్నగా, పొట్ట పెద్దగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ.

మొదట్లో రక్తం పెరుగుతుందా, తగ్గుతుందా?

నిపుణులు విడిపోయింది ఇక్కడే. బ్రిటన్‌కు చెందిన ఎవా కోనర్ 1990ల్లో ఒక వాదన గట్టిగా వినిపించింది. షుగర్ వల్ల ప్రవాహం పెరుగుతుంది, సర్దుకునే శక్తి పోతుంది, ఆ ఉధృతే కేశనాళికల్ని పాడుచేస్తుంది అని. అదే దశకంలో బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ కేంద్రం పరిశోధకులు, రెటినోపతీ ఇంకా లేని టైప్-1 రోగుల్లో ప్రవాహం మామూలు కన్నా తగ్గి ఉందని కొలిచి చూపించారు. ఆ తర్వాతి కొలతలు కూడా రెండు వైపులా చీలాయి. కొలిచిన పూట షుగర్ ఎంత ఉంది, జబ్బు ఎన్నేళ్లది, ఏ మెషిన్ వాడారు అన్నవాటిని బట్టి తేడాలు వస్తాయని ఒక వివరణ. అసలు దెబ్బ ముందు నాడీకణాలకు తగులుతుంది, రక్తప్రవాహం మార్పు దాని నీడ మాత్రమే అని ఇంకో వర్గం వాదన.

మన బొమ్మ కన్నునే కాస్త పెంచి చూద్దాం. రెండు కేశనాళికల బదులు పది, ఒక్కోదాని అడ్డంకి 20. ఉమ్మడిగా మళ్లీ 2, ప్రవాహం మళ్లీ 10. ధమని 5 శాతం వెడల్పయింది. నాలుగో ఘాతం లెక్కతో దాని అడ్డంకి 2 నుంచి సుమారు 1.65కు దిగింది. పదిలో ఒక కేశనాళిక మూసుకుపోయింది. ఇప్పుడు మొత్తం ప్రవాహం సుమారు 10.3. అంటే పెరిగింది. రెండోది కూడా మూసుకుపోతే సుమారు 9.6. తగ్గింది.

ఒకే జబ్బు, ఒకే కన్ను, కొన్ని నెలల తేడా. ముందు కొలిచినవాళ్లు పెరిగిందంటారు, తర్వాత కొలిచినవాళ్లు తగ్గిందంటారు. ఇద్దరూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. నిజమైన కళ్లలో ఇలాగే జరిగిందని ఈ లెక్క రుజువు చేయదు. మొత్తం ప్రవాహం అనే ఒక్క అంకె చూసి కేశనాళికల సంగతి తేల్చలేమని మాత్రం చూపిస్తుంది.

లెక్క బాగుంది, కంట్లో కుదరలేదు

కేశనాళిక చుట్టూ ఆక్సిజన్ ఎంత దూరం పాకుతుందో 1919లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ లెక్క కట్టాడు. ఆ దారిలో ఆలోచిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తేలుతుంది. కాంతిగ్రాహక కణాలు వెలుతురులో కన్నా చీకట్లో ఎక్కువ ఆక్సిజన్ తింటాయి. లేజర్ వైద్యం పనిచేయడానికి ఒక వివరణ కూడా ఇక్కడినుంచే వస్తుంది: రెటీనా అంచుల్లో కొన్ని కాంతిగ్రాహక కణాల్ని కాల్చేస్తే, వాటి వాటా కొరాయిడ్ ఆక్సిజన్ లోపలి పొరలకు మిగులుతుంది.

మరి కాల్చకుండా, రాత్రి నిద్రలో కళ్లకు మసక వెలుతురు చూపిస్తే? చీకటి వల్ల పెరిగే ఆకలి తగ్గుతుంది కదా అని జెఫ్రీ ఆర్డెన్ అనే బ్రిటన్ పరిశోధకుడు ప్రతిపాదించాడు. ఇందులో వంక పెట్టడానికి ఏముంది? బ్రిటన్‌లో వెలుగు వచ్చే నిద్ర మాస్కులతో క్లియోపాత్రా అనే పరీక్ష రెండేళ్లపాటు నడిపారు. 2018లో ఫలితం వచ్చింది: రెటీనా వాపు మీద ప్రయోజనం లేదు. చాలామంది మాస్కు సరిగా పెట్టుకోలేదన్నదీ నిజమే, కాబట్టి ఊహ పూర్తిగా తప్పని కూడా కొందరు ఒప్పుకోరు. ఏమైనా, కాగితం మీద కుదిరిన శరీరధర్మ లెక్క రోగి పక్క మీద కుదరకపోవచ్చని చెప్పడానికి మోడలింగ్ వాళ్లే ఈ ఉదాహరణ తెస్తుంటారు.

ఈ రోజు ఆసుపత్రిలో దీని చోటు

మోడల్ సమర్థకుల మాటలో పస ఉంది. మచ్చ కనిపించేదాకా ఆగకుండా, భారం ఎక్కడ పడుతోందో ముందే చూడొచ్చు. లేజర్ ఎక్కడ వేస్తే ఏమవుతుందో కంట్లో వేయకముందే కంప్యూటర్లో వేసి చూడొచ్చు. జంతువుల్లోనూ మనుషుల్లోనూ కొలవలేని గోడ రాపిడి లాంటివి అంచనా వేయడానికి వేరే దారి కూడా లేదు. వైద్యుల సందేహమూ తక్కువదేం కాదు. ఒక రోగి కంటికి వేసిన లెక్క అదే కంట్లో ఏడాది తర్వాత నిజమైందా అని వెంటపడి చూసిన పరీక్షలు కావాలంటారు. ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది వాపు మందం, కారుతున్న చోటు, చూపు ఎంతుంది అన్నవాటితో తేలిపోతున్నప్పుడు, మధ్యలో ఊహలు కలిసిన ఇంకో అంకె తెచ్చేది ఏమిటని అడుగుతారు.

చిన్నాయన విషయంలోనూ అలాగే తేలింది. చీటీలో మూడు నెలల సగటు షుగర్ ఉంది, బీపీ ఉంది, రెండు కళ్ల రెటీనా మందం మైక్రాన్లలో ఉంది, నాలుగు నెలల తర్వాత రమ్మన్న తేదీ ఉంది. ప్రవాహం అనే గడి ఎక్కడా లేదు. రైలెక్కే ముందు ఆయన ఆ సాలెగూడు బొమ్మను మళ్లీ తీసి, నల్లటి ఖాళీ పక్కనున్న ఒక తెల్లటి గీత మీద వేలు పెట్టి, "అయితే ఇప్పుడు బరువంతా దీని మీదేనా?" అన్నాడు.